పిడికిట్లో ఇమిడే పిస్టల్: చిన్న చేతులకు తొలి పోటీ ఆయుధం ఏది?

2018 చివర్లో తిరువనంతపురంలో జరిగిన జాతీయ షూటింగ్ పోటీల్లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ మహిళల 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ స్వర్ణం గెలిచింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్లు. ఓడిపోయినవాళ్లలో మను భాకర్, హీనా సిద్ధు లాంటివాళ్లు ఉన్నారు. ఐదేళ్ల తర్వాత హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో అదే అమ్మాయి ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. 2024లో లిమాలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో గుంటూరు కుర్రాడు ముకేశ్ నేలవల్లి పిస్టల్ విభాగాల్లో పతకాలు గెలిచాడు. తెలుగు ఇళ్లలో క్రికెట్ బ్యాటు, షటిల్ రాకెట్ గురించి మాత్రమే సాగే మాటల్లోకి పిస్టల్ కూడా వచ్చి చేరడానికి ఈ గెలుపులే కారణం.

ఆ వెంటే ఒక చిక్కు ప్రశ్న కూడా వచ్చింది. పన్నెండేళ్ల పిల్లకో, చెయ్యి చిన్నదిగా ఉన్న పెద్దమ్మాయికో మొదటి పిస్టల్ ఏది కొనాలి? కాకినాడలోనో భీమవరంలోనో ఉన్న తల్లిదండ్రులు నలుగురిని అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. ఒకరు అసలైన పెద్ద పిస్టలే కొనెయ్యమంటారు. ఇంకొకరు పిల్లల కోసం చేసిన తేలికది చాలంటారు. ఏది కొన్నా పిడి చెక్కించుకోక తప్పదని మూడో ఆయన చెబుతాడు. ఇప్పుడే కొనవద్దన్నది నాలుగో మాట. ఈ నాలుగింటికీ ఆధారాలున్నాయి, అందుకే వాదం ముడిపడిపోయింది. ముడి విప్పాలంటే ముందు ‘చిన్న చెయ్యి’ అన్న మాట దగ్గరే ఆగాలి.

చెయ్యి చిన్నదంటే ఏది చిన్నది?

షూటింగ్ వాళ్లు చిన్న చెయ్యి అన్నప్పుడు ఆ ఒక్క మాటలో మూడు వేర్వేరు కొలతలుంటాయి. మొదటిది అందుబాటు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న చర్మపు మడత నుంచి చూపుడువేలి చివరి కణుపు దాకా ఎంత పొడవుందో అదే ట్రిగ్గర్ అందడాన్ని తేలుస్తుంది. రెండోది అరచేతి వెడల్పు. పిడి వెనక అంచు నుంచి కింద అరచేతిని మోసే అరుగు దాకా ఉన్న ఎత్తులో చెయ్యి నిండుగా కూర్చుంటుందా, వదులుగా ఊగుతుందా అనేది దీన్ని బట్టి ఉంటుంది. మూడోది బలం. ఇది వేళ్ల బలం మాత్రమే కాదు, చాచిన చెయ్యి చివర కిలో బరువును గంటకు పైగా పదేపదే ఎత్తగల భుజం బలం.

ఈ మూడూ కలిసి రావాలనేమీ లేదు. పొడవాటి సన్నని వేళ్లు, ఇరుకు అరచెయ్యి ఉన్న పిల్లకు ట్రిగ్గర్ అందుతుంది కానీ పిడి వదులవుతుంది. పొట్టి వేళ్లు, వెడల్పు చెయ్యి ఉన్న అబ్బాయికి పిడి సరిపోతుంది కానీ వేలు ట్రిగ్గర్ అంచునే తాకి ఆగిపోతుంది. ఇద్దరి చేతులనూ మనం ‘చిన్న’వనే అంటాం. ఇద్దరికీ కావలసిన పిస్టల్ మాత్రం ఒకటి కాదు. జవాబులు పొంతన లేకుండా రావడానికి సగం కారణం ఇక్కడే ఉందని నా అభిప్రాయం: చెప్పేవాళ్లు తమకు ఎదురైన చేతిని బట్టి చెబుతున్నారు.

అందుబాటు సరిపోయిందో లేదో చూడడం ఐదు నిమిషాల పని. పిస్టల్ ఖాళీగా ఉందని సరిచూసుకుని ఎడమచేత్తో గొట్టం దగ్గర పట్టుకోవాలి. కుడిచేతి చర్మపు మడతను పిడి వెనకనున్న గాడిలో పైకంటా ఆనించాలి. నడిమివేలు ట్రిగ్గర్ గార్డు అడుగుకు తగలాలి. అప్పుడు చూపుడువేలు చెక్కను ఎక్కడా రాసుకోకుండా విడిగా సాగి, దాని చివరి కణుపు మెత్తని భాగం ట్రిగ్గర్ మధ్యలో ఆనాలి. వేలి కొస మాత్రమే తగిలితే ఆ నొక్కు తిన్నగా వెనక్కి రాకుండా పక్కకి తోస్తుంది. అందని వేలిని అందించడానికి పిల్లలు తమకు తెలియకుండానే చెయ్యంతటినీ పిడి చుట్టూ కొంచెం తిప్పేస్తారు. దాంతో ముంజేయి, మణికట్టు, గొట్టం ఒకే గీతలో ఉండవు. ఆ తర్వాత కళ్లు మూసుకుని చెయ్యెత్తి, ఊపిరి వదిలి, కళ్లు తెరిచి చూడాలి. ముందు సైటు వెనక సైటు గాడి మధ్యలో దానంతటదే నిలబడి ఉంటే పిడి ఆ చేతికి సరిపోయినట్టు. ప్రతిసారీ ఒకే పక్కకి జరిగి కనిపిస్తుంటే మణికట్టుతో సర్దుకోవడం కాదు, పిడినే మార్చుకోవాలి.

నిబంధనలు ఇచ్చిన చోటు

అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల ప్రకారం 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్‌ది కావాలి, బరువు 1,500 గ్రాములు దాటకూడదు, ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మోయాలి. పిస్టల్ మొత్తం 420, 200, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. పిడి మణికట్టుకు ఆసరా ఇవ్వకూడదు, చేతిని చుట్టెయ్యకూడదు. బరువుకు పైహద్దు ఉందే తప్ప కింది హద్దు లేదు. పిడిని అరగదీసుకోవచ్చు, పూడ్చుకోవచ్చు, మార్చుకోవచ్చు. చిన్న చేతులవాళ్లకు నియమాలు అడ్డం రావు. అడ్డం వచ్చేవల్లా బజారులో దొరికే సైజులు, చేతిలో ఉన్న డబ్బు, దగ్గర్లో రేంజ్ లేకపోవడం.

లక్ష్యం కొలతలు కూడా మనసులో ఉంచుకోవాలి. పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ దాని అంచును తాకినా పదే లెక్క. అంటే పెల్లెట్ కేంద్రం లక్ష్యం నడిబొడ్డు నుంచి 8 మిల్లీమీటర్లలోపు పడాలి. 75 నిమిషాల్లో 60 సార్లు పేల్చాలి. 2017 దాకా మహిళలకు 40 సార్లే ఉండేది. ఆ మార్పుతో చిన్నచేతి అమ్మాయిలకు బరువు విషయం ఇంకా ముఖ్యమైపోయింది. నలభైకి ఓర్చుకున్న భుజం అరవైకి ఓర్చుకోవాలని లేదు.

ఇక్కడిదాకా ఎలా వచ్చాం

ఎయిర్ పిస్టల్ ప్రపంచ పోటీల్లోకి 1970లో, ఒలింపిక్స్‌లోకి 1988 సియోల్ క్రీడల్లో వచ్చింది. తొలి తరం పిస్టళ్లలో జర్మనీ ఫైన్‌వెర్క్‌బావ్ 65 పేరు మోగిపోయింది. అది స్ప్రింగు పిస్టల్. ప్రతి దెబ్బకూ ముందు మీటను లాగి స్ప్రింగును బిగించాలి. ఆ తర్వాత ఒకే తోపుతో గాలి నింపుకునే పిస్టళ్లు వచ్చాయి. రష్యాలోని ఇజెవ్స్క్‌లో తయారైన ఐజెడ్‌హెచ్ 46ఎం ఆ రకానిదే. ధర తక్కువ, గురి బాగుంటుంది, దేశదేశాల కొత్తవాళ్లకు అదే మొదటి మెట్టయింది. కానీ దాని బరువు దాదాపు 1,300 గ్రాములు. చెక్క పిడి పెద్ద చేతికి చేసింది. 60 దెబ్బలకు 60 సార్లు మీట నొక్కాలి. ఆ రోజుల్లో చిన్న చెయ్యి ఉన్నవాళ్లకు ట్రిగ్గర్ అందడం కంటే ముందే, పిస్టల్‌ని బిగించగలరా అన్న పరీక్ష ఎదురయ్యేది.

1980ల్లో కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు, 1990ల్లో ముందే నొక్కి నింపిన గాలి సిలిండర్లు వచ్చాక ఆ పరీక్ష తప్పిపోయింది. ఇప్పుడు చిటికెనవేలితో కూడా బిగించవచ్చు. బరువు కిలోకు అటూఇటూగా దిగింది. ఈ ఆటను పన్నెండేళ్ల పిల్లల ఆటగా మార్చింది ఏ శిక్షణ పద్ధతో కాదు, ఈ సిలిండరే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. పిడుల విషయంలోనూ అదే కాలంలో మార్పు వచ్చింది. స్విట్జర్లాండ్‌లో చెజారె మోరిని చేతి ఆకారానికి చెక్కిన పిడులతో పేరు తెచ్చుకుని, ఆ తర్వాత తన పేరుతోనే పిస్టళ్లు చేయించాడు. జర్మనీలో రింక్ పిడులు చేతి గీత పంపితే దానికి తగ్గట్టు చేసిచ్చే స్థాయికి వెళ్లాయి. అంతకుముందు పిడికి చెయ్యి సర్దుకునేది. ఇప్పుడు చేతికే పిడి సర్దుకోవాలన్న ఆలోచన బలపడింది. నేటి వాదాలన్నీ దాని కొనసాగింపే.

ఒకసారే పెద్దది కొనాలన్న వాదం

స్టెయర్ ఎల్‌పీ 10, మోరిని సీఎం 162, వాల్తర్ ఎల్‌పీ 500, ఫైన్‌వెర్క్‌బావ్ పీ8ఎక్స్, పార్దిని కే12 లాంటి పూర్తిస్థాయి పిస్టళ్లలో ఒకదాన్ని చిన్న సైజు పిడితో కొనెయ్యాలన్నది వీళ్ల మాట. తర్కం సూటిగా ఉంది. పిల్ల పెరుగుతుంది, పిడి మారిస్తే చాలు, యంత్రం పదేళ్లు ఉంటుంది. ట్రిగ్గర్ పలకను ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు, పిడి కోణం మార్చుకోవచ్చు. రెండుసార్లు కొనే ఖర్చు తప్పుతుంది. ఇలాంటి విదేశీ పిస్టల్ మన దేశంలో లక్షన్నర రూపాయలు దాటుతుంది కాబట్టి మధ్యతరగతి ఇంటికి ఈ మాట బరువైనదే.

దీనిలో బలహీనత ఎక్కడుందంటే, సైజు గుర్తును చూసి కొనడంలో. ఒక కంపెనీ చిన్నది అన్న పిడి ఇంకో కంపెనీ మధ్యరకానికి సమానం కావచ్చు. పెట్టె మీద ‘ఎస్’ అన్న అక్షరం ఉండడం, వేలు ట్రిగ్గర్‌ను అందుకోవడం రెండూ ఒకటి కావు. పైగా ట్రిగ్గర్ పలక జరిగేది కొద్ది మిల్లీమీటర్లే. దాన్ని పూర్తిగా వెనక్కి లాగినా అందని చేతికి ఆ పిస్టల్ ఎంత గొప్పదైనా పనికిరాదు.

తేలికది, పొట్టిది చాలన్న వాదం

రెండో వర్గం వాళ్లు పిల్లల కోసమే చేసిన రకాలను చూపిస్తారు. హామర్లీ ఏపీ 20 దాదాపు 870 గ్రాములుంటుంది, పిడి సర్దుకోవచ్చు, ధరా తక్కువే. ఫైన్‌వెర్క్‌బావ్ పీ11 పికొలో, మోరిని పొట్టి రకం, స్టెయర్, వాల్తర్ కాంపాక్ట్ రకాలు కూడా ఈ కోవవే. గొట్టం పొట్టిదైతే ముందు బరువు తగ్గుతుంది, మణికట్టు కిందికి వాలదు.

దీనికి వ్యతిరేకంగా చాలాకాలంగా వినిపించే అభ్యంతరం ఒకటుంది: ముందు సైటుకూ వెనక సైటుకూ దూరం తగ్గితే తప్పు పెద్దదవుతుందని. ఇది నిజమే, కానీ ఎంత నిజమో లెక్క వేసి చూసేవాళ్లు తక్కువ. సైట్ల మధ్య 320 మిల్లీమీటర్లున్న పిస్టల్‌లో ముందు సైటు 0.2 మిల్లీమీటర్లు పక్కకి జరిగితే 10 మీటర్ల దూరంలో పెల్లెట్ 6.3 మిల్లీమీటర్లు తప్పుతుంది. 270 మిల్లీమీటర్లున్న పొట్టిదానిలో 7.4 తప్పుతుంది. మిగతావన్నీ సరిగ్గా ఉంటే రెండింటిలోనూ పదే పడుతుంది. 0.3 మిల్లీమీటర్ల తప్పు జరిగితే 9.4, 11.1. రెండింటిలోనూ తొమ్మిదే. కొత్తగా నేర్చుకునే పిల్ల చెయ్యి బరువుకు వణికితే పోయే పాయింట్ల ముందు ఈ ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎంత? ఈ అభ్యంతరానికి ఉన్న విలువ కంటే ఎక్కువ విలువ ఇచ్చేశాం.

అసలు అభ్యంతరం వేరేచోట ఉంది. పిల్ల బాగా ఆడి రెండేళ్లలో రాష్ట్ర స్థాయి దాటితే పెద్ద పిస్టల్‌కి మారాలి. మారినప్పుడు ట్రిగ్గర్ తీరు, పిడి కోణం, బరువు పంపకం అన్నీ మారతాయి. చెయ్యి నేర్చుకున్న అలవాటును మళ్లీ కూడదీసుకోవడానికి నెలలు పడతాయి. అందుకే ఇదే వర్గంలో కొందరు, పిల్లల రకం కంటే పెద్ద కంపెనీ పొట్టి రకమే మేలంటారు. పిడి, ట్రిగ్గర్ అవే ఉండి, గొట్టం మాత్రమే మారుతుంది కాబట్టి. ఈ సవరణలో నాకు తెలివి కనిపిస్తోంది.

ఏది కొన్నా చెక్కుకోవాలన్న వాదం

కోనసీమలో కొబ్బరి దింపు కార్మికుడి కత్తి పిడిని ఇంకొకరి చేతికిచ్చి చూస్తే ఈ మూడో వాదం ఏమిటో అర్థమవుతుంది. ఆ పిడి ఏళ్ల తరబడి ఒక్క పిడికిలికే అరిగి ఉంటుంది. పిస్టల్ పిడి కూడా అలాగే తయారుకావాలని వీళ్లంటారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చింది ముడిసరుకు మాత్రమే.

పద్ధతి ఇది. అరచేతికి పల్చగా సుద్దపొడి రాసుకుని పిడి పట్టుకోవాలి. చెక్క మీద తెల్లగా అంటిన చోటు చెయ్యి ఒత్తుతోందని, అంటని చోటు ఖాళీ ఉందని గుర్తు. ఒత్తే చోట ఆకురాయితో నాలుగు గీతలు గీసి, గరుకు కాగితంతో నునుపు చేసి, మళ్లీ పట్టి చూడాలి. ఖాళీ ఉన్నచోట చెక్కపొడి కలిపిన ఎపాక్సీతో పూడ్చాలి. మెత్తగా ఉండగానే చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని పిడి పట్టుకుంటే చేతి గుర్తు పడుతుంది. చూపుడువేలు ఆనే పక్కన ఎప్పుడూ కొంచెం ఎక్కువే తీయాలి, అక్కడ వేలు చెక్కను తాకకూడదు. చర్మపు మడత ఆనే వెనక గాడిని లోతు చేస్తే వేలికి రెండు మూడు మిల్లీమీటర్ల అందుబాటు కలిసొస్తుంది. చిన్న చేతులకు ఇంతకు మించిన లాభం ఇంకే పనిలోనూ లేదు. ఒక వారం వాడాక గాని రెండోసారి ఆకురాయి పట్టకూడదు. తీసేసిన చెక్క తిరిగి రాదు.

ఈ వాదానికి హద్దు కూడా చెక్కే. వెనక గాడిని ఎంతవరకు లోతు చేయవచ్చో లోపలున్న లోహపు చట్రం నిర్ణయిస్తుంది. మందం తగ్గించవచ్చు, అరుగు పైకి జరపవచ్చు, కానీ చట్రం పొడవు తగ్గదు. కాబట్టి పిడి మందం, వెడల్పు సమస్యలకు ఇది పూర్తి మందు. అందుబాటు సమస్యకు సగం మందే.

ఇప్పుడే కొనవద్దన్న వాదం

నాలుగో వర్గంలో ఎక్కువమంది కోచ్‌లే. కనీసం ఆరు నెలలు క్లబ్బు పిస్టల్‌తో నేర్చుకోవాలి, ఖాళీ పిస్టల్‌తో తెల్లగోడ ముందు నిలబడి ట్రిగ్గర్ నొక్కడం సాధన చేయాలి, రెండు మూడు రకాలు పట్టి చూశాకే కొనాలి అంటారు. హైదరాబాద్, పుణె లాంటి ఊళ్లలో ఇది చక్కటి సలహా. గోదావరి డెల్టా పిల్లలకు మాత్రం ఇది చెప్పినంత తేలిక కాదు. పట్టి చూడడానికి నాలుగు రకాలున్న చోటు దగ్గర్లో ఉండాలి కదా. కాకినాడలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి లింగంపల్లిలో దిగుతాం. 2002 జాతీయ క్రీడల కోసం హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం దగ్గర కట్టిన షూటింగ్ రేంజ్ అక్కడికి దగ్గరే. లక్షన్నర ఖర్చు పెట్టే ముందు ఒక రాత్రి రైలు ప్రయాణం, రెండు రోజుల సెలవు పెట్టుబడిగా పెట్టడం దండగ కాదు. పిల్లని వెంటబెట్టుకుని వెళ్లకుండా తండ్రి ఒక్కడే వెళ్లి కొనుక్కురావడం మాత్రం ఎంతమాత్రం తగదు. కొలవాల్సింది ఆమె చేతిని.

పక్కపక్కన పెట్టి చూస్తే

ఖర్చు ఒక్కటే చూస్తే మొదటి వాదం దీర్ఘకాలానికి, రెండోది ఆరంభానికి లాభం. మూడోదానికి గరుకు కాగితం, ఓర్పు తప్ప ఖర్చు లేదు. వేలి అందుబాటు చిన్నదైతే మొదటి రెండు వాదాల్లో ఏది ఎంచుకున్నా పట్టి చూడందే కొనకూడదు. అంటే నాలుగో వాదం మిగతా మూడింటికీ గడప లాంటిది. అరచెయ్యి మాత్రమే ఇరుకుగా ఉండి వేళ్లు పొడుగైతే పెద్ద పిస్టల్ కొని చెక్కించుకోవడమే మేలు. బలం మాత్రమే తక్కువైతే పొట్టి రకం కొనాలి, లేదా పెద్దదాని ముందు బరువులు తీసేసి మొదలుపెట్టాలి. చాలా పిస్టళ్లకు ఆ బరువులు విడిగానే వస్తాయి. భుజం బలపడేకొద్దీ ఒక్కొక్కటి చేర్చుకోవచ్చు.

నా వరుస ఇది: ముందు అందుబాటు, తర్వాత పిడి, ఆ తర్వాత ముందు బరువు, చివర్న కంపెనీ పేరు. మొదటిది తప్పితే తర్వాత సవరించడం దాదాపు అసాధ్యం. చివరిది తప్పినా నష్టమేమీ లేదు. మన దగ్గర కొనుగోళ్లు తరచూ ఈ వరుసను తలకిందులు చేసి జరుగుతున్నాయి. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన చేతిలో ఏ పిస్టల్ ఉందో చూసి, అదే తెచ్చి పన్నెండేళ్ల చేతిలో పెడుతున్నారు.

ట్రిగ్గర్ మెకానికల్‌దా, ఎలక్ట్రానిక్‌దా అన్న చర్చకు చేతి సైజుతో సంబంధం తక్కువ. 2021 టోక్యోలో మను భాకర్ పిస్టల్ పోటీ మధ్యలో మొరాయించి, విలువైన నిమిషాలు పోయి, ఆమె 12వ స్థానంలో ఆగిపోయినప్పటి నుంచి చాలామంది తల్లిదండ్రులు ఎలక్ట్రానిక్ అంటే జంకుతున్నారు. మరమ్మతు చేసేవాళ్లు దగ్గర్లో లేని ఊళ్లో ఉన్నవాళ్లకు మెకానికల్‌ది నిశ్చింత. ఇంతకు మించి దాని మీద చెప్పుకోవలసింది లేదు.

25 మీటర్ల దగ్గర లెక్క మారుతుంది

ఎయిర్ పిస్టల్‌లో స్థిరపడ్డాక అమ్మాయిలు వెళ్లేది 25 మీటర్ల పిస్టల్‌కి. 1984 నుంచి అది ఒలింపిక్ విభాగం. ఇక్కడ .22 తూటా వాడతారు, ట్రిగ్గర్ కనీసం 1,000 గ్రాములు, అంటే ఎయిర్ పిస్టల్‌కి రెట్టింపు. వేలి కొసతో నొక్కే చేతికి ఈ రెట్టింపే అసలు దెబ్బ. 500 గ్రాముల దగ్గర దాగిన తప్పు 1,000 దగ్గర బయటపడుతుంది.

ఇక్కడ చిన్న చేతులవాళ్లు తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. కొన్ని పిస్టళ్లలో తూటాల మ్యాగజైన్ పిడి లోపలే ఉంటుంది. హామర్లీ 208, స్మిత్ అండ్ వెసన్ 41 అలాంటివి. మ్యాగజైన్ చుట్టూ చెక్క తొడిగాక పిడి మందం కొంతకు మించి తగ్గదు. పార్దిని ఎస్‌పీ, వాల్తర్ జీఎస్‌పీ, ఫైన్‌వెర్క్‌బావ్ ఏడబ్ల్యూ 93 లాంటివాటిలో మ్యాగజైన్ ట్రిగ్గర్‌కి ముందు ఉంటుంది. పిడిలో చెక్క, సన్నని చట్రం తప్ప ఏమీ ఉండదు కాబట్టి ఎంత చిన్న చేతికైనా చెక్కవచ్చు. బరువు ముందుకు పడుతుందన్న మాట నిజమే, అయినా చిన్న చేతికి రెండో రకమే సరైనదని ఇక్కడ నాకు ఏ సందేహమూ లేదు.

చట్టం కూడా ఇక్కడే తేడా చూపిస్తుంది. 2016 ఆయుధ నియమాల ప్రకారం .177 అంగుళాల, 20 జౌళ్ల లోపు గాలి ఆయుధాలకు లైసెన్సు అవసరం లేదు. పోటీ ఎయిర్ పిస్టల్ శక్తి ఆరేడు జౌళ్లే. .22 పిస్టల్‌కి మాత్రం 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు కావాలి, దానికి 21 ఏళ్లు నిండాలి. 12 ఏళ్లు నిండిన పిల్లలు శిక్షణలో భాగంగా వాడవచ్చు. అందుకే .22 విషయంలో సొంతది కొనే ప్రశ్న చాలామందికి ఏళ్ల తర్వాత గానీ రాదు. అప్పటికి చెయ్యి పెరగడమూ ఆగిపోయి ఉంటుంది.

గోదావరి గాలిలో

తయారీదార్లు ఐరోపా వాతావరణానికి చేసిన పిడులు మన దగ్గర వేరుగా ప్రవర్తిస్తాయి. శ్రావణం ముసురుకు వాల్‌నట్ చెక్క తేమ పీల్చి సన్నగా ఉబ్బుతుంది. మే నెలలో సరిగ్గా బిగిసిన పిడి ఆగస్టులో బిగుతనిపిస్తుంది. కాబట్టి చెక్కే పని వానాకాలంలో పెట్టుకుంటే, ఎండలు రాగానే ఆ పిడి వదులవుతుంది. రోహిణి కార్తె ఎండల్లో చెమటకు నునుపు చెక్క జారుతుంది. చిన్న చెయ్యి జారకుండా ఉండడానికి ఇంకా గట్టిగా పిసుకుతుంది, పిసికిన కొద్దీ వణుకు పెరుగుతుంది. పిడి మీద చుక్కలు చుక్కలుగా గరుకు చేయించుకోవడం, దెబ్బదెబ్బకూ మధ్య చెయ్యి తుడుచుకోవడం ఇక్కడ అలంకారం కాదు, అవసరం. కాకినాడ, అంతర్వేది లాంటి సముద్రపుటూళ్లలో ఉప్పుగాలికి ఇనుప భాగాలు త్వరగా తుప్పు పడతాయి. పిస్టల్‌ని పెట్టెలో మూసి పెట్టే ముందు నూనెగుడ్డతో తుడవాలి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు సిలిండర్ మీద చెక్కిన తేదీ చూడాలి. ఈ సిలిండర్లకు సాధారణంగా పదేళ్ల గడువుంటుంది. గడువు దాటిందాన్ని పోటీలో ఒప్పుకోకపోవచ్చు, వాడడం ప్రమాదం కూడా. పాత పిస్టల్ చవకగా వచ్చినా, కొత్త సిలిండర్ ఖర్చు కలిపితే ఆ చవక మిగలదు. పాత యజమాని తన చేతికి చెక్కించుకున్న పిడిని కూడా చూసుకోవాలి. చిన్న చేతివాళ్లు పెద్ద చేతికి చెక్కిన పిడిని పూడ్చుకుని వాడవచ్చు. చిన్న చేతికి చెక్కినదాన్ని పెద్ద చేతికి సర్దడం అంతకంటే కష్టం. సెకండ్ హ్యాండ్ బజారులో చిన్న చేతికి కలిసొచ్చే సంగతి ఇదొక్కటే కావచ్చు.

ఎడమ కన్ను బలమైన కుడిచేతి పిల్లల విషయం కూడా కొనే ముందే తేల్చుకోవాలి. పిడులు కుడికీ ఎడమకూ వేర్వేరు.

ఇంకా తేలనివి

పిడిని ఎంత గట్టిగా పట్టుకోవాలన్నది అన్నిటికంటే పాత వివాదం. గట్టిగా పట్టుకుంటే సైట్లు కదలవని కొందరు, వేళ్లు బిగిస్తే ట్రిగ్గర్ వేలు స్వేచ్ఛ పోతుందని మరికొందరు. చిన్న చేతుల దగ్గర ఇది ఇంకో మలుపు తీసుకుంటుంది. సరిపోని పిడిని చిన్న చెయ్యి ఎలాగూ గట్టిగానే పట్టుకోవాలి. పిడి పూర్తిగా సరిపోయాక కూడా అదే బిగువు అవసరమా అన్నది ఒక్కొక్క కోచ్ ఒక్కొక్కలా చెబుతాడు.

అరచేతి కింది అరుగును చేతికి బిగించి ఆనించాలా, సన్నని ఖాళీ వదలాలా అన్నది రెండోది. ఎదిగే చేతులకు ఖాళీయే మేలని తర్కం చెబుతుంది, కానీ ఆ ఖాళీలో చెయ్యి ప్రతిసారీ ఒకేచోట కూర్చోకపోతే లక్ష్యం మీద పెల్లెట్ల గుంపు చెదిరిపోతుంది.

మూడోది అన్నిటికంటే కష్టమైనది: చిన్న చెయ్యి నిజంగా లోపమేనా? 2024 పారిస్‌లో మహిళల ఎయిర్ పిస్టల్ ఫైనల్లో దక్షిణ కొరియా అమ్మాయిలు ఓ యే జిన్, కిమ్ యే జి స్వర్ణం, రజతం పంచుకున్నారు. మను భాకర్ కాంస్యం గెలిచింది. 60 దెబ్బల్లో మగవాళ్లకూ ఆడవాళ్లకూ పాయింట్ల తేడా ఈ ఆటలో స్వల్పమే. చేతి సైజే గెలుపును శాసిస్తే ఆ తేడా ఇంకా పెద్దగా ఉండాలి. సరిగ్గా ఇమిడిన పిడి ఉన్నంతవరకు సైజు లెక్కలోకి రాదనే నేను అనుకుంటున్నాను. మిగిలేది ఇమిడేదాకా పోయే కాలం. పదకొండుకీ పదిహేనుకీ మధ్య అమ్మాయి చెయ్యి పెరుగుతూనే ఉంటుంది. పిడిని ఎన్నిసార్లు మార్చాలి, ఏ వయసులో ఆపాలి అన్నదానికి పాఠ్యపుస్తకం జవాబు లేదు. ఆరు నెలలకోసారి తెల్లకాగితం మీద చెయ్యి పరిచి, పెన్సిలుతో గీత గీసి, మూలన తేదీ వేసి దాచుకునే ఇళ్లు కొన్ని ఉన్నాయి. అలాంటి నాలుగైదు కాగితాలు చేతిలో ఉన్న కోచ్, వడ్రంగి దగ్గరికి పంపాలా, కొత్త పిడి తెప్పించాలా అన్నది ఊహ మీద కాకుండా గీత చూసి చెప్పగలుగుతాడు.